గరీబు టీము

మా వార్డులో డబ్బు పందెం హరాం, డ్యూటీ పందెం హలాల్. ఈ తీర్పు ఏ మౌల్వీ చెప్పిందీ కాదు, నర్సులం మాలో మేం చెప్పుకున్నది. పైసల మీద పందెం కాసినట్టు పైవాళ్ళ చెవిన పడితే ఉద్యోగం ఖలాస్, ఇక పెట్టె సర్దుకోవడమే. అదే ఒక నర్సు తన డ్యూటీ ఇంకో నర్సుకు అప్పగిస్తే అడిగే నాథుడు లేడు. మా మేట్రన్ ఇంగ్లీషావిడ. వార్డులో తెల్ల యూనిఫాం ఒకటి తిరుగుతూ కనిపిస్తే ఆవిడకు చాలు, అందులో ఎవరున్నారన్నది పట్టేది కాదు. అందుకని మేం దేని మీద పడితే దాని మీద డ్యూటీలు ఒడ్డేవాళ్ళం, ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళ డ్యూటీ చెయ్యాలి. కొత్తగా వచ్చిన డాక్టరు రంజాన్ దాకా నిలుస్తాడా, పారిపోతాడా? కిటికీలో ఏసీ ఈ వారం చస్తుందా, వచ్చే వారమా? అన్నిటికీ పందేలే. పని తప్ప ఇంకేమీ లేని చోట పందానికి పెట్టడానికి కూడా పనే దొరుకుతుంది.

నేనున్నది అల్ ఐన్‌లో. మా ఊరివాళ్ళ లెక్కలో అదీ దుబాయే. సముద్రం ఎలా ఉందని ఉత్తరాల్లో అడిగేవాళ్ళు. అల్ ఐన్‌లో సముద్రం లేదు, ఖర్జూరం తోటలున్నాయి, ఊరి చివర బోడి కొండ ఒకటుంది. మా గుంటూరు వైపు ఎండలకు అలవాటు పడ్డదాన్ని కాబట్టి ఎండ నన్నేమీ చెయ్యలేదు. నన్ను తినేసింది మాట. నర్సుల హాస్టల్ నిండా మలయాళం. ఒక మూల ఫిలిప్పీన్ అమ్మాయిలు, వాళ్ళ భాష వాళ్ళది. తెలుగు మనిషిని నేనొక్కదాన్నే. డాక్టర్లతో ఇంగ్లీషు, రోగులతో వచ్చీరాని హిందీ, అరబ్బులతో నాలుగు ముక్కల అరబ్బీ. ఎక్కడ నొప్పి, సూది, మందు, ఇటు తిరుగు. నా అరబ్బీ అంతా ఒంటి నొప్పులకే సరిపోయేది. ఇక తెలుగు ఎవరితో మాట్లాడను? ఇస్త్రీపెట్టెను తిట్టేదాన్ని. నాడి చూసేటప్పుడు మాత్రం తెలుగులో లెక్కపెట్టుకునేదాన్ని. అదొక్కటే నేను రోజూ నోరారా మాట్లాడే తెలుగు.

అలా లెక్కపెడుతుంటేనే ఆయన దొరికాడు. కట్టడం మీది నుంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నవాడు. కాలికి బరువులు వేలాడదీసి మంచానికి కట్టేశారు. వచ్చినప్పటి నుంచి కళ్ళు మూసుకునే ఉన్నాడు. నేను మణికట్టు పట్టుకుని ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది అని గొణుక్కుంటున్నాను. ఆయన కళ్ళు తెరిచాడు.

"సిస్టరమ్మా, తెలుగోళ్ళా?"

లెక్క తప్పింది. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను, ఈసారి ఆయనకు వినపడేలా.

కరీంనగర్ పక్క పల్లె ఆయనది. నాకంటే పదేళ్ళో పన్నెండేళ్ళో పెద్ద. మొదటిరోజు నన్ను సిస్టరమ్మ అన్నాడు, మర్నాటికి చెల్లెను చేసేశాడు. నేను అన్నయ్యా అనేదాన్ని. నేను "పడుకోండి, కదలకండి" అంటే నవ్వేవాడు. కాలు కట్టేసి ఉన్నోణ్ణి ఎక్కడికి కదులుతా, నన్ను పట్టుకొని గీ అండీలు ఎందుకు అనేవాడు. నా తెలుగు ఆయనకు రేడియోలో వార్తల్లా ఉండేదట. ఆయన తెలుగు నాకు సగం అర్థమయ్యేది కాదు. ఆనిగెపుకాయ అంటే ఏమిటో కనుక్కోవడానికి ఒక పూట పట్టింది. సొరకాయ అని తేలాక ఇద్దరం అలసిపోయాం. ఆ పూట ఎంత సంతోషంగా ఉన్నానో ఇప్పటికీ గుర్తుంది. సొరకాయ గురించి మనిషి అంత సంతోషపడవచ్చని అంతకు ముందు నాకు తెలియదు.

ఆయన పక్క మంచం ఒక ముసలి అరబ్బుది. షుగరు వల్ల పాదం పుండుపడి వచ్చాడు. ఎడారి మనిషి, అరబ్బీ తప్ప ఇంకో ముక్క రాదు. అందరిలాగే నేనూ ఆయన్ని బాబా అనేదాన్ని. బాబాకు కొడుకులు పెద్ద రేడియో తెచ్చి పెట్టారు. అది పొద్దస్తమానం ఫుట్‌బాల్ గురించే మాట్లాడేది. ఆ ఏడు ఈ దేశపు జట్టు ప్రపంచ కప్‌కు అర్హత కోసం ఆడుతోంది. చివరి పోటీలు ఎక్కడో తూర్పున, దూరదేశంలో. వెళ్తే ఇదే మొదటిసారి అవుతుందట. తోటమాలి నుంచి ముదీర్ దాకా, అంటే ఆసుపత్రి డైరెక్టరు దాకా, అదే మాట.

ఫుట్‌బాల్ అంటే నాకు విరిగిన మోకాళ్ళ రూపంలో తప్ప తెలియదు. అయినా మా పందేలు ఆ పోటీల చుట్టూ ఒక సంతలా పెరిగాయి. ఒక్కో ఆటకు మూడు రకాలు. గెలుపు, ఓటమి, సమానం. గెలుస్తారని కాసేవాళ్ళు తక్కువ కాబట్టి గెలుపు మీద ఒక సాయంత్రం డ్యూటీ పెడితే బదులు రెండు వచ్చేవి. ఓటమి మీద పెడితే ఒకటికి ఒకటే. సమానం అన్నవాళ్ళను పిరికివాళ్ళ కింద జమకట్టి, వాళ్ళు ఓడితే బెడ్‌పాన్లు కడగాలని ఒక చిలిపి నియమం కూడా ఉండేది. ఇక అన్నిటికంటే పెద్ద పందెం, జట్టు ప్రపంచ కప్‌కు వెళ్తుందా లేదా అన్నది. దాని మీద చిన్నాచితకా డ్యూటీలు పెట్టడం నామోషీ.

హాస్టల్ మొత్తం అభిప్రాయం, వెళ్ళదనే. కొరియా వాళ్ళు రెండు జట్లు, ఒకదాన్ని మించి ఒకటి పరిగెత్తుతారు. చైనాలో అంతమంది జనంలోంచి ఏరుకున్న ఆటగాళ్ళు. సౌదీ వాళ్ళు గట్టివాళ్ళు. మరి ఈ చిన్న దేశపు కుర్రాళ్ళో, పొద్దున ఆఫీసుల్లో సంతకాలు పెట్టి సాయంత్రం బంతి ఆడేవాళ్ళని చెప్పుకునేవాళ్ళు. వెళ్తారని గట్టిగా అన్నది ఒక్క మలయాళీ సిస్టరే. నా వార్డే, నా కంటే సీనియర్. వాళ్ళ ఊళ్ళో పిల్లలు నడక కంటే ముందు బంతి తన్నడం నేర్చుకుంటారని గొప్పలు పోయేది. ఆమె గొప్పలు నాకు ఎప్పుడూ ఒళ్ళుమంటే.

ఆ ఏడు క్రిస్మస్ రోజు సెలవు నాకు పడింది. క్రిస్మస్ ముందురోజు సెలవు మలయాళీ సిస్టర్‌కు పడింది. ఈ రెండు రోజులు నాకెందుకు అంత ముఖ్యమో చెప్పాలి. దుబాయ్‌లో కొందరు తెలుగువాళ్ళు ఏడాదికొకసారి క్రిస్మస్‌కు ఒక ఫ్లాట్‌లో కూడేవాళ్ళు. ఎక్కువమంది మా కోస్తా నర్సులే. అజ్మాన్ నుంచి, షార్జా నుంచి కూడా వచ్చేవాళ్ళు. అంతకు ముందు ఏడు నేను మొదటిసారి వెళ్ళాను. తెలుగులో పాటలు పాడాను, తెలుగులో ప్రార్థన విన్నాను. అయితే సాయంత్రం డ్యూటీ ఉండటంతో పళ్ళెంలో అన్నం సగం ఉండగానే లేచి టాక్సీ ఎక్కాల్సి వచ్చింది. నిజమైన క్రిస్మస్ ముందు రోజేనని అక్కడే తెలిసింది. ఆడవాళ్ళందరూ ముందురోజే వచ్చేసి, హాల్లో చాపలు పరుచుకుని, పిండివంటలు చేస్తూ, తెల్లవార్లూ మాట్లాడుకుంటూ ఉంటారట. దేవుడు క్షమించాలి, నాకు పాటల కంటే ఆ మాటల మీదే ఆశ. ఎవరి మేనత్త ఎవరితో మాట్లాడటం మానేసిందో, ఎవరి గోంగూరలో ఉప్పు ఎక్కువైందో, అలాంటివి తెలుగులో వినాలి. ఏడాదికి ఒక్కసారైనా ఆ చాడీల మధ్య నిద్రపోవాలి. అంతకుమించి నేను ఆ దేశంలో ఏదీ కోరుకోలేదు.

మలయాళీ సిస్టర్‌కు కూడా ఆ రెండు రోజులూ కావాలి. ఆమె భర్త అబుదాబిలో పనిచేసేవాడు, అతనికి పండక్కి రెండు రోజుల సెలవు దొరికింది. అందుకే ఒకరోజు ఆమే అంది. జట్టు వెళ్తే నా క్రిస్మస్ ఆమెకు, వెళ్ళకపోతే ఆమె ముందురోజు నాకు. గెలిచినవాళ్ళకు రెండు రోజులూ, ఓడినవాళ్ళకు రెండు డ్యూటీలూ. నేను ఆలోచించి చెప్తానన్నాను. భయమేస్తే వద్దులే అని నవ్వింది. ఆ నవ్వు నన్ను మర్నాటి దాకా నమిలింది.

నా సలహాదారు కాలు కట్టేసుకుని మంచం మీద ఉన్నాడు. ఆయన చిన్నప్పుడు ఉర్దూ బడిలో చదువుకున్నాడు. అరబ్బీ అంటే కోపంగా మాట్లాడే ఉర్దూ తప్ప ఇంకేమీ కాదని ఆయన నమ్మకం. దవా అంటే దవా, కితాబ్ అంటే కితాబ్, వక్త్ అంటే వక్త్, ఇంకేం తేడా ఉన్నదని అడిగేవాడు. బాబా రేడియో మోగుతుంటే చెవి అటు వేసి నాకు తెలుగులో చెప్పేవాడు. వార్డులో మిగతా హిందీ, ఉర్దూ రోగులు కూడా ఆయన చెప్పేదాకా ఆగేవాళ్ళు. ఆ గౌరవం ఆయనకు కాలినొప్పికి మందులా పనిచేసేది. నేనూ నమ్మాను. తెలుగులో చెప్పింది ఏదైనా నమ్మే స్థితిలో ఉన్నాను అప్పుడు.

ఆ రోజు రేడియోలో ఎవరో పెద్దమనిషి జట్టు గురించి విశ్లేషణ చెబుతున్నాడు. నేను బాబా పుండుకు కట్టు మారుస్తూ, వీళ్ళు వెళ్తారా వెళ్ళరా, ఆయనేమంటున్నాడో కాస్త విని చెప్పమన్నాను. అన్నయ్య కళ్ళు మూసుకుని విన్నాడు. విని పెదవి విరిచాడు.

"లాభం లేదు చెల్లె. జైసా గరీబ్ అంటున్నడు. గరీబోని లెక్క ఉన్నరట. గరీబు టీమట. రేడియోల వాళ్ళ మనిషే గట్లంటుంటే ఇంకేం పోతరు?"

కట్టు ముడి వేసి, చేతులు కడుక్కుని, నేరుగా వెళ్ళి మలయాళీ సిస్టర్‌తో సరే అన్నాను. చేతులు కూడా కలిపాం. నా మనసు అప్పుడే దుబాయ్ ఫ్లాట్‌లో చాప పరుచుకుంది.

పోటీలు మొదలయ్యాయి. ఆ దూరదేశంలో సాయంత్రం ఆడితే మాకు మధ్యాహ్నమయ్యేది. టీవీ ఉన్న గది వరండా చివర. కాలు కట్టేసినవాడు వెళ్ళలేడు, బాబా వెళ్ళలేడు, నేను వార్డు వదల్లేను. మాకు రేడియోనే దిక్కు. మొదటి ఆటలో గోలే పడలేదు. గరీబు టీము కదా అనుకున్నాను. అనుకుంటూనే, పాపం అనిపించింది కూడా. పరాయి ఊళ్ళో ఆడుతున్న ఆ కుర్రాళ్ళు ఓడిపోవాలని రోజూ కోరుకోవడం అంత తేలిక కాదు. బాబా ముఖం చూస్తే మరీను.

చైనాతో ఆట రోజున ఇది జరిగింది. ఆట ముగిసే వేళకు మా వాళ్ళు, అదే ఈ దేశం వాళ్ళు, వెనకబడే ఉన్నారని అన్నయ్య చెప్పాడు. నేను మందుల ట్రాలీతో వార్డు అటు చివరకు వెళ్ళాను. ఉన్నట్టుండి రేడియోలో గొంతు చించుకుని అరుపు. దాని వెంటే వీధిలో కార్ల హారన్లు, ఒకటి తర్వాత ఒకటి. వెనక్కి వచ్చి చూద్దును కదా, బాబా తలగుడ్డతో ముఖం కప్పుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. పక్క మంచం మీద అన్నయ్య కాలికి కట్టిన తాడు విప్పుకోవడానికి పెనుగులాడుతున్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఫౌజచ్చింది చెల్లె. ఫౌజు, ఫౌజు అని ఒర్లుతున్నడు రేడియోల. లడాయి మొదలైంది. నన్ను ఇప్పు, నీకు పుణ్యముంటది."

నవ్వొచ్చే మాట కాదు అప్పుడు. అవతల ఇరాన్, ఇరాక్ ఏళ్ళ తరబడి కొట్టుకుని ఈ మధ్యే ఆగిన రోజులు. ఎప్పుడేమవుతుందోనన్న భయం అందరి కడుపులోనూ ఉండేది. హారన్లు, ముసలాయన ఏడుపు, ఫౌజు. ఆ క్షణంలో నాకు తోచింది ఒకటే. చస్తే చచ్చాం, తెలుగు మనిషి పక్కన ఉన్నాడు. తాడు విప్పలేదు గానీ ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఆయనా వదల్లేదు.

అంతలో మలయాళీ సిస్టర్ మిఠాయి డబ్బాతో పరుగెత్తుకొచ్చింది. "జయిచ్చు, జయిచ్చు" అంటోంది. చివర్లో వెంటవెంటనే రెండు గోల్స్ వేసి గెలిచారట. మరి ఫౌజు సంగతేమిటని అడిగితే కాసేపు అర్థం కాక చూసి, ఆ తర్వాత మంచం పట్టీ పట్టుకుని నవ్వింది. అరబ్బీలో గెలుపును ఫౌజ్ అంటారట. ఆ మాట చివర అరబ్బీవాడు ఇంగ్లీషు జడ్ లాంటి చిన్న కీచు పెడతాడు. మన తెలుగు చెవికి, మన తెలుగు నోటికి ఆ కీచు లేదు. సైన్యమైనా గెలుపైనా మనకు ఒకటే జ. వార్డంతా నవ్వింది. అన్నయ్య గోడ వైపు తల తిప్పుకున్నాడు. బాబా మాత్రం ఏడుస్తూనే మా ఇద్దరి చేతుల్లో మిఠాయి పెట్టాడు.

సాయంత్రం సూది వేయడానికి వెళ్ళినప్పుడు నెమ్మదిగా అడిగాను. ఫౌజు కాని ఫౌజున్నట్టే, మరి ఆ గరీబుకు కూడా వేరే అర్థమేమైనా ఉందేమోనని. ఆయన చాలా నొచ్చుకున్నాడు.

"గరీబంటే గరీబే. మనకు తెల్వని మాటనా అది?"

నిజమే. ఇంక అడగబుద్ధి కాలేదు.

ఆ తర్వాత వాళ్ళు ఇంకే ఆటా గెలవలేదు, ఏ ఆటా ఓడలేదు. సమానం, మళ్ళీ సమానం. పిరికివాళ్ళ పందెమని మేం ఎగతాళి చేసిన ఆ సమానాలే వాళ్ళను మెట్టు మెట్టుగా ఎక్కించాయి. చివరి ఆట కొరియాతో. అదీ సమానమే. దాంతో ప్రపంచ కప్‌కు దారి దొరికింది. ఊరు ఊరంతా రోడ్డు మీదికొచ్చింది. పిల్లలు కారు కిటికీల్లోంచి నడుముల దాకా బయటికి వంగి జెండాలు ఊపుతున్నారు. ఆసుపత్రి గేటు దగ్గర రంగునీళ్ళు చల్లుకున్నారు. నేను కిటికీ దగ్గర నిలబడి చూశాను. ఇంతమంది సంతోషం నా ఒక్కదానికే దుఃఖమని ఎవరికి చెప్పుకోను? మలయాళీ సిస్టర్ మంచిది, ఆ రోజు పందెం ఊసెత్తలేదు. మర్నాడు నేనే చెప్పాను, అబుదాబికి టాక్సీ మాట్లాడుకోమని.

అన్నయ్యకు పందెం సంగతి అప్పటికి గానీ తెలియదు. తెలిశాక ఆ పూట అన్నం ముట్టలేదు. నా మాట పట్టుకొని పండుగ పోగొట్టుకున్నవా అని ఒకటే గుణిసాడు. చివరికి తనే ఒక దారి చెప్పాడు. కాలు అతకడానికి చాలా రోజులు పడుతుందని డాక్టరు అన్నాడు కదా, క్రిస్మస్‌కు తనెలాగూ ఇదే మంచం మీద ఉంటాడు. ముందురోజు, పండగరోజు, రెండు రోజులూ నా డ్యూటీ ఇక్కడే.

"మనమే కూసొని ముచ్చట పెడదాం తియ్ చెల్లె. మీ పాటలు నాకు రావు, నువ్వు పాడు, నేనింట. నీకు చాడీలు కావాలెనంటివి గద, మా ఊళ్ళెవి చెప్త. రెండు దినాలు ఒడువయి."

ఒడువయి అంటే అయిపోవని. అది విన్నాక నా బెంగ సగం తగ్గింది. డిసెంబరు వచ్చేసరికి నేను నిజంగానే ఎదురుచూడటం మొదలుపెట్టాను. కొబ్బరి తెప్పించి లౌజు చేద్దామనుకున్నాను. ఆయనకు ఏ పాట నచ్చుతుందో ఆలోచించుకున్నాను. ఆయన కూడా చాడీలు దాచిపెట్టుకుంటున్నానని చెప్పేవాడు. ఏదైనా కొంచెం అడిగితే, ఇప్పుడు చెప్పను, పండుగనాటికి అనేవాడు. వాళ్ళ సర్పంచు ఇంట్లో పెళ్ళిలో ఏదో జరిగింది. పెళ్ళికొడుకు పీటల మీంచి లేచి ఎటో వెళ్ళాడు. ఎటు వెళ్ళాడో చెప్పకుండా ఊరించాడు.

పండగ ఇంకా వారముందనగా కంపెనీ మనిషి వచ్చాడు. కాలికి నడుము దాకా పిండికట్టు వేయించి, విమానం ఎక్కిస్తామన్నాడు. ఇక ఈ కాలుతో పని చెయ్యలేడు, వీసా ఇచ్చిన యజమాని, అదే కఫీల్, దాన్ని రద్దు చేశాడు. కనీసం పండగ దాకా ఉంచమని నేను డాక్టరును అడిగాను. ఏ కారణం రాయమంటావన్నాడు డాక్టరు. ఏం చెప్తాను? నాకు తెలుగు మాట్లాడే మనిషి కావాలని చెప్పనా? వెనక్కి వచ్చేశాను.

స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే లిఫ్ట్ దాకా వెళ్ళాను. ఇంటికి వెళ్తున్నందుకు సంతోషపడాలో, పని పోయినందుకు ఏడవాలో ఆయన ముఖానికి తెలియలేదు. కంపెనీ మనిషి యల్లా యల్లా అని తొందరపెడుతున్నాడు. పెళ్ళికొడుకు సంగతి అడుగుదామనుకున్నాను, ఆ సమయంలో అడిగే మాట కాదని ఊరుకున్నాను. లిఫ్ట్ తలుపు మూసుకుంటుండగా ఆయనే తల ఎత్తి, "పైలం చెల్లె" అన్నాడు. జాగ్రత్త అని. అంతే.

క్రిస్మస్ ముందురోజు గడిచింది. ఎలా గడిచిందో చెప్పడానికి ఏమీ లేదు. పండగరోజు పొద్దున తలంటు పోసుకుని, యూనిఫాం వేసుకుని వార్డుకు వచ్చాను. అక్కడ అది మామూలు పనిరోజు. అన్నయ్య మంచంలో ఒక పఠాన్ డ్రైవరున్నాడు, చెయ్యి విరిగినవాడు. మందులిస్తూ గొంతులోనే పాడుకుందామని చూశాను. రెండో చరణం గుర్తు రాలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పాడిన పాట. పల్లవి మళ్ళీ మళ్ళీ పాడుకున్నా చరణం రాలేదు. బాబా మంచం దగ్గరికి వచ్చేసరికి కళ్ళు తుడుచుకోక తప్పలేదు.

బాబా నన్ను కాసేపు చూశాడు. తల ఊపి, చాలా మెత్తగా, "ఇంతి గరీబా" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడుస్తున్న ఆడదాన్ని చూసి గరీబుదానివా అంటాడా? నెల తిరిగేసరికి జీతం తీసుకుంటున్నాను, ఎవరి ముందూ చెయ్యి చాచలేదు. నాకున్న అరబ్బీ అంతా కూడదీసుకుని, లా గరీబ్, అనా ఫీ ఫులూస్ అన్నాను. నేను గరీబును కాను, నా దగ్గర డబ్బుందని. బాబా తెల్లబోయాడు. దిండు కింద చెయ్యిపెట్టి ఖర్జూరాలు తీసి ఇవ్వబోతే నేను తీసుకోలేదు.

అప్పుడే రౌండ్స్‌కు వచ్చిన సుడానీ డాక్టరు ఇదంతా విన్నాడు. నవ్వాపుకుంటూ ఇంగ్లీషులో చెప్పాడు. బాబా నిన్ను బీదదానివి అనలేదు సిస్టర్. అరబ్బీలో గరీబ్ అంటే బీద కాదు. తన చోటు కాని చోట ఉన్నవాళ్ళు, తనవాళ్ళు చుట్టూ లేనివాళ్ళు. వింతగా, కొత్తగా ఉన్నదాన్ని కూడా గరీబ్ అంటారు. నేనూ ఇక్కడ గరీబునే అని, బాబా చార్టు చేతిలోకి తీసుకున్నాడు.

నేను ఆయన్ని ఆపాను. మరి రేడియోలో ఒక జట్టు గురించి జైసా గరీబ్ అంటే ఏమిటని అడిగాను. జైసా కాదు, లైస అయి ఉంటుంది, లైస గరీబన్ అన్నాడు. లైస అంటే కాదు, వాళ్ళు గెలిస్తే వింతేమీ లేదని అర్థం.

వింతేమీ లేదు. ఆ పెద్దమనిషి రేడియోలో చెప్పింది అదన్నమాట. వీళ్ళు ప్రపంచ కప్‌కు వెళ్ళినా వింతేమీ లేదు. దాన్ని పట్టుకుని గరీబు టీమని నా క్రిస్మస్ తీసుకెళ్ళి పందెంలో పెట్టాను. నాకు నవ్వొచ్చింది. కడుపులోంచి ఎగదన్నుకొచ్చింది. బాబా చేతిలో ఖర్జూరం తీసుకుని నోట్లో వేసుకున్నాను, నవ్వు ఆగలేదు.

ఆ నవ్వు ఎవరితో పంచుకోవాలి? దానికి ఇటు మన గరీబు తెలియాలి, అటు రేడియో తెలియాలి, జైసా తెలియాలి, ఫౌజు తెలియాలి. ఇవన్నీ తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే. ఆయన ఈపాటికి తన ఊళ్ళో, నడుము దాకా పిండికట్టుతో, మంచం మీద ఉంటాడు. జట్టుకు అదృష్టం కలిసొచ్చిందే తప్ప తన తర్జుమాలో తప్పు లేదని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాడు. డాక్టరు వెళ్ళిపోయాడు. మలయాళీ సిస్టర్ అబుదాబిలో భర్తతో ఉంది. దుబాయ్ ఫ్లాట్‌లో ఈపాటికి వడ్డనలు మొదలై ఉంటాయి.

పఠాన్ మంచం దగ్గరికి వెళ్ళి చెయ్యి చూస్తున్నట్టు కూర్చున్నాను. అతనికి తెలుగులో మొత్తం చెప్పాను. అన్నయ్యా, జైసా కాదంట, లైస అంట అని మొదలుపెట్టి, ఫౌజు, రెండు గోల్స్, బాబా ఇచ్చిన మిఠాయి, అన్నీ. పాపం మర్యాదస్తుడు. కళ్ళార్పకుండా విన్నాడు. నేను నవ్విన చోట నవ్వాడు, నేను ఆగిన చోట తల ఊపాడు. నేను చెప్పవలసింది అయిపోయిందని రూఢి చేసుకున్నాక, పానీ అన్నాడు.

లేచి నీళ్ళు పట్టాను.